స్లైడ్ల వెనక ‘నమూనా’: ఆరేళ్ల వాడకం తర్వాత

పవర్‌పాయింట్‌లో వాటర్‌మార్క్ (అసలు విషయం వెనక లేతగా కనిపించే గుర్తు) పెట్టే బటన్ లేదన్న సంగతి ఆ అవసరం పడినవాళ్లందరికీ తెలిసిందే. వర్డ్‌లో అయితే డిజైన్ ట్యాబ్‌లో దర్జాగా కూర్చుని ఉంటుంది. ఇక్కడ లేదు కాబట్టి అందరిలాగే నేనూ స్లైడ్ మాస్టర్ (స్లైడ్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే మూస) దారి పట్టాను. దాన్ని ఎలా పెట్టాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి, మళ్లీ చెప్పను. ఆరేళ్లుగా నా శిక్షణ తరగతుల స్లైడ్లన్నిటికీ ఇదే వాడుతున్నాను, ఇష్టంగానే వాడుతున్నాను. ఒక్క రోజు మాత్రం నలుగురిలో నవ్వులపాలయ్యాను. ఆ ముచ్చట చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఇష్టం సంగతి. మాస్టర్‌లో అన్నిటికంటే పైనుండే పెద్ద స్లైడ్ మీద ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టాను. అందులో ‘నమూనా’ అన్న ఒక్క మాట, 96 పాయింట్ల సైజు, లేత బూడిద రంగు, కొంచెం ఏటవాలుగా. మాస్టర్ మూసేసి చూస్తే 62 స్లైడ్ల మీదా ఉంది! పొరపాటున మౌస్ తగిలినా కదలదు. కొత్త స్లైడ్ చేరిస్తే దాని మీదా తనంతట తనే వస్తుంది. ఖరారయ్యాక ఒక్కచోట తీసేస్తే అన్నిచోట్లా పోతుంది. అంతకుముందు ప్రతి స్లైడ్ మీదా కాపీ పేస్ట్ చేసుకునేదాన్ని. ఒకదాని మీద వెంట్రుకవాసి పైన, ఇంకోదాని మీద వెంట్రుకవాసి కింద పడేది. స్లైడ్లు మారుతుంటే ఆ మాట గెంతులేస్తున్నట్టు కనిపించేది. ఆ బాధ తప్పినందుకే నేను దీనికి వీరాభిమానినైపోయి, కనిపించిన ప్రతివాళ్లకీ నేర్పేశాను.

ఇక ఆ రోజు. మర్నాడు పొద్దున్నే తరగతి. స్లైడ్లు ఇంకా ఖరారు కాలేదు కాబట్టి ‘నమూనా’ అలాగే ఉంచి, తరగతిలో పంచడానికి పేజీకి మూడేసి స్లైడ్ల చొప్పున హ్యాండౌట్లు తీద్దామనుకున్నాను. పక్కన రాసుకోవడానికి గీతలు వస్తాయని నాకు ఆ పద్ధతి ఇష్టం. సెట్టుకి 21 పేజీలు, 40 సెట్లు. అంటే 840 కాగితాలు. రంగుల్లో ఎందుకులే అనుకుని, టోనర్ పొదుపు చేద్దామన్న బుద్ధితో, ‘ప్యూర్ బ్లాక్ అండ్ వైట్’ ఎంచుకుని ప్రింట్ నొక్కి వేరే పనిలో పడ్డాను.

తిరిగొచ్చేసరికి ట్రేలో కట్ట పేరుకుపోయి ఉంది. పై కాగితం తీసి చూస్తే మూడు స్లైడ్ల మీదా ‘నమూనా’ అని కాటుక దిద్దినట్టు చిక్కటి నలుపు! స్క్రీన్ మీద ఉందా లేదా అన్నట్టుండే మాట ఇక్కడ ఊరేగుతోంది. అసలు పాఠం కూడా నల్లటి అక్షరాలే కదా, ఈ మాట వెళ్లిన దారిలో పడ్డవన్నీ అందులో కలిసిపోయాయి. పట్టికలో మధ్య రెండు వరుసలు దేవుడికి కూడా అర్థం కావు. అప్పటికే చీకటి పడింది, మళ్లీ తీద్దామంటే అన్ని కాగితాలు లేవు. అవే పట్టుకెళ్లాను.

పొద్దున పంచుతుంటే ముందు వరుసలో ఉన్న ఒకాయన కాగితం అటూ ఇటూ తిప్పి, “మేడమ్, ఇవి కొట్టివేసిన కాగితాలా?” అని అడిగారు. లేదండీ, అది వాటర్‌మార్క్ అన్నాను. “వాటర్ ఎక్కువైనట్టుంది” అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ పూట ఇంక పాఠం మీద ఎవరి ధ్యాసా లేదు.

తర్వాత కూర్చుని ఆరా తీస్తే తెలిసింది, తప్పు ప్రింటర్‌దీ కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. ప్యూర్ బ్లాక్ అండ్ వైట్‌లో అక్షరాలు అసలు ఏ రంగులో ఉన్నా నలుపుగానే వస్తాయి, అది దాని పద్ధతి. మనం వాటర్‌మార్క్ అనుకుని పెట్టింది దాని లెక్కలో మామూలు అక్షరాలే. బొమ్మలైతే బూడిద ఛాయల్లో వస్తాయి. ప్రివ్యూ పక్కనే ఉంది, నా కళ్లు మాత్రం కాపీల సంఖ్య వేసే గడి మీదే ఉన్నాయి.

దీనికి మందు కూడా అందులోనే ఉంది, అదే నన్ను ఆశ్చర్యపరిచింది. వ్యూ ట్యాబ్‌లో కలర్, గ్రేస్కేల్, బ్లాక్ అండ్ వైట్ అని మూడుంటాయి. అన్నేళ్లూ వాటిని చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ నొక్కలేదు. బ్లాక్ అండ్ వైట్‌లోకి వెళ్లి, మాస్టర్‌లో ఆ టెక్స్ట్ బాక్స్‌ని ఎంచుకుని ‘డోంట్ షో’ అంటే నలుపు తెలుపు ప్రింట్‌లో అది రాదు. స్క్రీన్ మీద మాత్రం యథాతథంగా ఉంటుంది. ఇప్పుడు నేను ఆ మాటను టెక్స్ట్‌గా కాకుండా పీఎన్‌జీ బొమ్మగా చేసి పెడుతున్నాను. దానితో ఇంకో లాభం, నేను వాడిన తెలుగు ఫాంట్ అవతలివాళ్ల కంప్యూటర్‌లో లేకపోయినా అక్షరాల రూపు మారదు.

62 స్లైడ్ల మీదా వచ్చేసిందని పైన రాశాను కదా, అది పూర్తిగా నిజం కాదు. మాస్టర్ మీదిది ఎప్పుడూ అన్నిటికంటే అడుగున ఉంటుంది. స్లైడ్ నిండా ఫొటో పెడితే దాని వెనక దాక్కుంటుంది, రంగు నింపిన పట్టిక కిందా అంతే. మాస్టర్ మీదివి దాచేసే ‘హైడ్ బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్’ టిక్ పెట్టిన లేఅవుట్లలో (మాస్టర్ కింద ఉండే స్లైడ్ నమూనాల్లో) అసలే రాదు. వేరే ఫైల్ నుంచి, పాత రూపు అలాగే ఉంచే ‘కీప్ సోర్స్ ఫార్మాటింగ్’తో తెచ్చిన స్లైడ్లు తమ మాస్టర్‌ని వెంటబెట్టుకొస్తాయి కాబట్టి వాటి మీదా ఉండదు. నా 62లో లెక్కపెడితే ఏడింటి మీద లేదు. వాటికి చేత్తోనే పెట్టుకున్నాను, పైన తిట్టిన కాపీ పేస్ట్ పద్ధతిలోనే.

ఇక రక్షణ మాటకొస్తే, కాగితంలో వాటర్‌మార్క్ 13వ శతాబ్దంలో ఇటలీలో మొదలైంది. కాగితం తయారయ్యేటప్పుడే అందులో పడే గుర్తు అది, తర్వాత తుడిచేయడం కుదరదు. మన స్లైడ్ మీదిది అలాంటిది కాదు. మాస్టర్ తెరవడం తెలిసినవాళ్లు పది సెకన్లలో తీసేస్తారు. అంత భయమున్నప్పుడు నేను ఫైల్‌ని ‘పిక్చర్ ప్రెజెంటేషన్’గా సేవ్ చేసి పంపుతాను. ప్రతి స్లైడూ ఒక బొమ్మైపోతుంది, వాటర్‌మార్క్ అందులో కలిసిపోతుంది. అయితే యానిమేషన్లు పోతాయి, అవతలివాళ్లు ఒక్క అక్షరం కూడా దిద్దలేరు. దిద్దడానికే పంపిన నమూనా అయితే ఇది దండగ.

నా మటుకు నేను మాస్టర్ పద్ధతి మానలేదు. స్లైడ్లు నేనే చేసుకుంటాను, నేనే చూపిస్తాను, ఫైల్ చాలావరకు నా దగ్గరే ఉంటుంది. నాకు కావలసింది ఇది ఇంకా పూర్తి కాలేదన్న గుర్తు, అంతే. పదిమంది చేతులు పడే ఫైలో, ఫొటోలే ఎక్కువున్న ఫైలో అయితే నాకున్న అభిమానం మీకు ఉండకపోవచ్చు. ఆ 840 కాగితాల్లో మిగిలినవాటి వెనకవైపు ఇప్పటికీ చిత్తుకు వాడుకుంటున్నాను. ఈ సమీక్ష కూడా ముందు వాటి మీదే రాసుకున్నాను.