ముందు చక్రాలా, వెనక చక్రాలా, నాలుగూనా? మిన్నెసోటా మంచులో మూడు బండ్ల అనుభవం

అక్టోబరు నెల సగానికి రాగానే, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మిన్నియాపొలిస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల మధ్య ఒక ప్రశ్న మొదలవుతుంది. డాలస్ నుంచో అట్లాంటా నుంచో ఉద్యోగం మారి కొత్తగా వచ్చినవాళ్లు, మేపుల్ గ్రోవ్‌లోని గుడిలో పులిహోర ప్రసాదం తింటూ, "అన్నా, ఇక్కడ ఆల్ వీల్ డ్రైవ్ లేకపోతే కష్టమేనా?" అని అడుగుతారు. పక్కనున్న నలుగురిలో ముగ్గురు వెంటనే అవునంటారు. నేను ఆ నాలుగో మనిషిని. ఇక్కడ నాకు తొమ్మిది చలికాలాలు గడిచాయి. మొదటి నాలుగు ముందు చక్రాలతో నడిచే సెడాన్‌లోను, తరువాతి రెండు వెనక చక్రాలతో నడిచే సెడాన్‌లోను, చివరి మూడు ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే) బండిలోను గడిపాను. వాటిని తయారుచేసిన కంపెనీల పేర్లు చెప్పను, ఎందుకంటే ఇక్కడ నేను తూచదలచుకున్నది బ్రాండ్లను కాదు, ఇంజను శక్తి ఏ చక్రాలకు అందుతోందన్న ఒక్క విషయాన్నే.

ఖమ్మంలో ఉన్న మా నాన్నగారికి ఫోనులో ఈ సంగతి చెబితే, "కారుకు ఉండేవే నాలుగు చక్రాలు కదా, ఇంకా నాలుగు చక్రాల బండి ఏమిటి?" అన్నారు. ఆయనకు చెప్పిన పోలికే ఇక్కడా చెబుతాను. ఎద్దుబండిని ఎద్దులు ముందునుంచి లాగుతాయి కనుక, నేల బురదగా ఉన్నా, బండి వాటి వెనకే వస్తుంది. తోపుడు బండిని వెనకనుంచి నెడతాము కనుక, నేల జారుడుగా ఉంటే అది ఒక పక్కకు తిరిగిపోవాలని చూస్తుంది. ముందు చక్రాల కారు మొదటి రకం, వెనక చక్రాల కారు రెండో రకం. ఆయన ఏళ్ల తరబడి నడిపిన అంబాసిడర్ వెనక చక్రాలది. 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాలది. వానాకాలం మట్టిరోడ్ల మీద ఆ రెండింటి నడకలో తేడా ఆయనకు అనుభవమే కనుక, మంచు గురించి వేరే చెప్పవలసిన అవసరం రాలేదు.

ముందు చక్రాల బండికి మంచులో కలిసివచ్చేది బరువు. ఇంజను, గేర్‌బాక్సు రెండూ ముందు ఇరుసు మీదే కూర్చుంటాయి కనుక, ఖాళీ బండి బరువులో దాదాపు 60 శాతం, శక్తి అందుకునే చక్రాల మీదే పడుతుంది. ఇంజను శక్తిని వెనక చక్రాలకు చేర్చే పొడవాటి షాఫ్టు ఉండదు కాబట్టి వెనక సీటు దగ్గర నేల దాదాపు చదునుగా ఉంటుంది, బరువు తగ్గుతుంది, ఇంధనం కూడా ఆదా అవుతుంది. నాలుగేళ్లు ఆఫీసుకు, పిల్లల బడికి, కూరగాయల దుకాణానికి ఆ బండిలోనే తిరిగాను. రోడ్డు మీద నాలుగైదు అంగుళాల మంచు పడి ఉన్న రోజుల్లో కూడా, నింపాదిగా నడిపినంతకాలం, అది నన్ను దారిలో నిలిపివేయలేదు. మలుపులో వేగం ఎక్కువైతే స్టీరింగు తిప్పినా బండి తిరగక నేరుగా పోవాలని చూస్తుంది. అప్పుడు యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చాలు, ముందు చక్రాలకు మళ్లీ పట్టు దొరుకుతుంది. భయపడిన మనిషి సహజంగా చేసే పని అదే కనుక, కొత్తగా మంచులో నడిపేవారికి ఈ రకం బండి తప్పులు మన్నించే గురువులాంటిది.

అది ఓడిపోయిన చోటు ఒక్కటే, మా ఇంటి గుమ్మం. మా ఇల్లు వీధికన్నా ఎత్తున ఉంది, గ్యారేజీకి చేరాలంటే ఇరవై అడుగుల ఏటవాలు ఎక్కాలి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది, ముందు చక్రాలు తేలికపడతాయి, అంటే చదును నేల మీద ఈ బండికి ఉన్న బలమే అక్కడ సన్నగిల్లుతుంది. దానికితోడు, నగరం వాళ్ల మంచు తీసే ట్రక్కు తెల్లవారుజామున వీధిని శుభ్రం చేస్తూ, పక్కకు నెట్టిన మంచునంతా మా వాకిలి అంచున గట్టులా పోసి వెళుతుంది. మెత్తని మంచులా కాకుండా, ఉప్పు, నీరు కలిసి గడ్డకట్టిన అడ్డుగోడ అది. వైకుంఠ ఏకాదశి నాడు నాలుగు గంటలకు లేచి గుడికి బయలుదేరి, ఆ గట్టు మీద ముందు చక్రాలు గిర్రున తిరుగుతుంటే, పట్టుచీరలో ఉన్న మా ఆవిడ లోపల, పార పట్టుకుని నేను బయట, ముప్పావుగంట గడిపాము. ఉత్తర ద్వారం సంగతి దేవుడెరుగు, ముందు మా వాకిలి దాటితే చాలనిపించింది.

వెనక చక్రాల బండిని కొన్నది మాత్రం పూర్తిగా వేసవి మోజుతోనే. ముందు చక్రాలు దారి చూపుతాయి, వెనక చక్రాలు నెడతాయి, ఎవరి పని వాళ్లు చేసుకుంటారు కనుక స్టీరింగు చేతిలో తేలికగా, స్పష్టంగా పలుకుతుంది. బరువు ముందు వెనకలకు ఇంచుమించు సమానంగా పంచబడి ఉంటుంది. మే నెలనుంచి అక్టోబరు వరకు దానికి నా మార్కులు పూర్తిగా పడతాయి. నవంబరులో మొదటి మంచు పడిన సాయంత్రం, హైవే మీదికి ఎక్కే వంపుదారిలో కాస్త తొందరపడితే, బండి తోక పక్కకు తిరిగింది. ట్రాక్షన్ కంట్రోలు వెంటనే శక్తిని తగ్గించి సర్దింది కానీ, ఆ రెండు క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తే. అమెరికాలో 2012 మోడల్ కార్లనుంచి బండి తిరగబోతే సరిదిద్దే ఎలక్ట్రానిక్ ఏర్పాటు తప్పనిసరి కాబట్టి, పూర్వంలాగా వెనక చక్రాల మీద బరువు కోసం డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుని తిరగవలసిన రోజులు చాలావరకు పోయాయి. అయినా, తోక జారినప్పుడు ఆ జారుతున్న వైపుకే స్టీరింగు తిప్పాలన్న సంగతి శరీరానికి అలవాటు కావడానికి ఖాళీ పార్కింగు స్థలంలో చాలా ఆదివారాలు పడతాయి.

ఆ రెండో ఏడు నేను చేసిన ఒకే ఒక్క మార్పు, నాలుగు వింటర్ టైర్లు వేయించడం. బండి అదే, డ్రైవరు అదే, వాకిలి అదే. నడక మాత్రం వేరే బండిదన్నట్టు మారిపోయింది. సాధారణ టైర్ల రబ్బరు దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగేసరికి గట్టిపడడం మొదలవుతుంది. మైనస్ 20లో అది నేలను పట్టుకోలేదు. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది, పైగా దాని ముఖం మీది సన్నని చీలికలు మంచును కరచుకుంటాయి. కొనేటప్పుడు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దానిలో మంచురేకు బొమ్మ ఉన్నదో లేదో చూసుకోవాలి. మేకులు దిగ్గొట్టిన టైర్లు మిన్నెసోటా వాసులు వాడకూడదు కనుక ఆ ఆలోచన వద్దు. చలికి టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, ఉష్ణోగ్రత ప్రతి అయిదారు డిగ్రీలు పడిపోయినప్పుడల్లా సుమారు 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున.

ఇక ఇప్పుడున్న ఆల్ వీల్ డ్రైవ్. మంచుగట్టు సమస్య మొదటి వారంలోనే తీరిపోయింది. పార గ్యారేజీలో తుప్పు పడుతోంది. డులూత్ పట్టణంలో సుపీరియర్ సరస్సు వైపు నిట్టనిలువుగా దిగే వీధులున్నాయి, జనవరిలో అక్కడ ఎర్రదీపం దగ్గర ఎత్తు మీద ఆగి మళ్లీ కదలడం ముందు చక్రాల బండికి పరీక్షే. ఈ బండి ఏమీ జరగనట్టు కదిలిపోయింది. కాని అన్ని ఆల్ వీల్ డ్రైవ్‌లూ ఒకటి కావు. సుబారు కంపెనీ కార్లలాంటివి షాఫ్టు ద్వారా ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి పంపుతాయి. చాలా చిన్న ఎస్‌యూవీలు మామూలుగా ముందు చక్రాలతో నడుస్తూ, అవి జారినప్పుడో జారబోతున్నప్పుడో వెనక ఇరుసును కలుపుకుంటాయి. టొయోటా క్యామ్రీ హైబ్రిడ్ ఆల్ వీల్ డ్రైవ్ రకంలో వెనక చక్రాలకు విడిగా ఒక ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది. ఈ చివరి పద్ధతిలో ఇంధనం నష్టం దాదాపు లేదనే చెప్పాలి. 2025 మోడల్ ఎల్ఈ రకంలో ముందు చక్రాలదానికి ప్రభుత్వ లెక్క గాలనుకు 51 మైళ్లు అయితే, ఆల్ వీల్ డ్రైవ్‌కు 50. షాఫ్టు ఉన్నవాటిలో ఖర్చు ఇంకొక చోట కనబడుతుంది. నాలుగు టైర్లూ ఇంచుమించు సమానంగా అరిగి ఉండాలి కాబట్టి, ఒక్కటి పాడైనా కొన్నిసార్లు నాలుగూ మార్చవలసి వస్తుంది.

అసలు తంటా వేరే ఉంది. ఈ బండి కొన్న మొదటి చలికాలం, దానితో వచ్చిన ఆల్ సీజన్ (ఏడాది పొడవునా వాడే) టైర్లతోనే తిరిగాను. బయలుదేరడం ఎంత సులువుగా ఉండేదంటే, రోడ్డు జారుతోందన్న కబురే నాకు అందేది కాదు. ఒకరోజు ఉదయం, కంటికి తడిలా కనిపించే పలచని ఐసు మీద, సిగ్నలు దగ్గర బ్రేకు తొక్కితే బండి గడగడలాడుతూ కూడలి మధ్యదాకా పోయి ఆగింది. అటువైపునుంచి వస్తున్న ట్రక్కు డ్రైవరు చూసుకుని నెమ్మదించబట్టి సరిపోయింది. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆపడంలో ఆల్ వీల్ డ్రైవ్‌కు అదనంగా వచ్చేదేమీ లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో, బ్రేకు పడిన క్షణంనుంచి, పొడి తారు మీద సుమారు 12 మీటర్లలో ఆగే బండికి, అణిగిన మంచు మీద 40 మీటర్లు, నున్నని ఐసు మీద 100 మీటర్ల దాకా కావాలని భౌతికశాస్త్రం లెక్క చెబుతుంది. ఆ లెక్కలో టైరు పట్టుకే తప్ప, ఏ చక్రాలకు శక్తి అందుతోందన్నదానికి చోటే లేదు.

అందుకే అడిగినవాళ్లను నేను ముందు ఇంటి గురించి ఆరా తీస్తాను. అపార్ట్‌మెంటులో, భూగర్భ పార్కింగులో ఉండి, ఉప్పు చల్లిన పెద్ద రోడ్ల మీదే ఆఫీసుకు వెళ్లేవారికి ముందు చక్రాల బండి, నాలుగు వింటర్ టైర్లు చాలు. వాకిలి ఏటవాలుగా ఉన్నవారు, మంచు తీసే ట్రక్కు రాకముందే డ్యూటీకి బయలుదేరే ఆసుపత్రి ఉద్యోగులు, తరచు రాష్ట్రం ఉత్తర భాగానికి వెళ్లేవారు ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోవడంలో అర్థముంది, టైర్లకు కూడా డబ్బు పక్కన పెట్టుకుంటేనే. వెనక చక్రాల ఎలక్ట్రిక్ కార్లు ఇప్పుడు కొందరు కొంటున్నారు. బ్యాటరీ బరువు వల్ల, చక్రం జారిన మరుక్షణమే మోటారు సర్దుకోవడం వల్ల అవి పాత సెడాన్లకన్నా చాలా నయం, కాని వాటికీ టైర్ల షరతు తప్పదు. హైదరాబాదులో కారు కొంటున్న మా తమ్ముడు ఇదే ప్రశ్న అడిగితే, ఆల్ వీల్ డ్రైవ్ డబ్బు మిగుల్చుకోమన్నాను. ఏడుగురిని, సామానును ఎక్కించుకుని తరచు ఘాట్ రోడ్లు ఎక్కే కుటుంబమైతే, బరువు వెనక్కి జరుగుతుంది కనుక, ఇన్నోవా క్రిస్టాలాంటి వెనక చక్రాల బండికి అక్కడ ఇప్పటికీ మొగ్గు ఉంది.

ఈ ఏడు మా ఆవిడకు రెండో కారు వెతుకుతున్నాము. ఆమె ఆఫీసు ఆరు మైళ్ల దూరం, దారంతా చదును. ముందు చక్రాల పాత క్యామ్రీ ఒకటి చూసి ఉంచాము. టైర్ల దుకాణంలో నవంబరు మొదటి వారానికి నాలుగు వింటర్ టైర్లు ముందే చెప్పి పెట్టాను, ఎందుకంటే మొదటి మంచు పడిన మర్నాడు అక్కడ వరుస వీధిదాకా ఉంటుంది. వాకిలి పై భాగం ఆల్ వీల్ డ్రైవ్‌ది, వీధి అంచున చదునుగా ఉన్న చోటు ఆమె కారుది అని ఒప్పందం కుదిరింది. గట్టు తవ్వే పని ఎవరిదన్నది ఇంకా తేలలేదు.