కాలేజీ పిల్లల ట్యాక్స్ రిటర్న్ విడిగా వేసిపెడతామనేవాళ్లతో జాగ్రత్త

అమెరికాలో కాలేజీ చదివే పిల్లలున్న మనవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. "మీ పాప ఇంటర్న్‌షిప్‌లో సంపాదించింది కదండీ, ఇక మీ డిపెండెంట్ (మీ పోషణలో ఉన్నట్టు మీ రిటర్న్‌లో చూపించే మనిషి) కాదు. తన రిటర్న్ విడిగా వేద్దాం, మంచి రిఫండ్ వస్తుంది" అని ట్యాక్స్ ఫైలింగ్ చేసేవాళ్లు ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మాకు జరిగింది ఇదే. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక సర్వీసు అది. మా అమ్మాయికి 20 ఏళ్లు. వేరే ఊళ్లో ఫుల్‌టైమ్ చదువుతోంది. ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ మేమే కడుతున్నాం. ఆ మనిషి ముందు అమ్మాయి రిటర్న్ వేశాడు. తనను వేరొకరు డిపెండెంట్‌గా చూపించుకోవచ్చని చెప్పే గడిలో టిక్ పెట్టలేదు. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్‌లో (కాలేజీ ఖర్చులకు ఇచ్చే ట్యాక్స్ మినహాయింపు, అదే చదువు క్రెడిట్) రిఫండ్‌గా చేతికొచ్చే 1,000 డాలర్లు తన పేరు మీద రాబట్టి, అందులో శాతం లెక్కన ఫీజు పట్టుకున్నాడు. తర్వాత మా రిటర్న్ ఈ-ఫైల్ చేస్తే రిజెక్ట్ అయింది. అమ్మాయి సోషల్ నంబర్ అప్పటికే ఇంకో రిటర్న్‌లో వాడేశారట! "అయితే అమ్మాయిని తీసేసి వేద్దాం" అన్నాడు, అదేదో చిన్న విషయమైనట్టు. అలా తీసేస్తే మాకు రావలసిన 2,500 డాలర్ల చదువు క్రెడిట్, 500 డాలర్ల డిపెండెంట్ క్రెడిట్ రెండూ పోతాయి. గట్టిగా అడిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు.

అసలు రూల్ ఇది. సంవత్సరం చివరికి 24 ఏళ్లు నిండకుండా, ఏడాదిలో ఏవైనా 5 నెలలు ఫుల్‌టైమ్ చదివితే పిల్లల్ని డిపెండెంట్‌గా చూపించుకోవచ్చు. హాస్టల్లో ఉన్నా మన ఇంట్లో ఉన్నట్టే లెక్క. పిల్లల సంపాదనకు పరిమితి లేదు. తమ ఖర్చులో సగానికి మించి తామే భరించకూడదు, అంతే. సంపాదించి బ్యాంకులో దాచుకున్నది ఖర్చు కింద రాదు, స్కాలర్‌షిప్ కూడా పిల్లలు పెట్టుకున్న ఖర్చు కాదు. ఇంటర్న్‌షిప్ డబ్ల్యూ-2కి (కంపెనీ ఇచ్చే జీతం, ట్యాక్స్ వివరాల కాగితం) పిల్లలు రిటర్న్ వేయొచ్చు, విత్‌హోల్డింగ్ (జీతంలో ముందే కోసిన ట్యాక్స్) వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ గడిలో టిక్ మాత్రం ఉండాలి.

దంపతుల ఆదాయం 1,80,000 డాలర్లు దాటితే ఈ చదువు క్రెడిట్ అసలు రాదు. అలాంటివాళ్లు డిపెండెంట్‌గా చూపించకుండా వదిలేస్తే పిల్లలు కట్టాల్సిన ట్యాక్స్ మేరకు క్రెడిట్ తీసుకోవచ్చు, అది న్యాయమే. కానీ తల్లిదండ్రుల పోషణలో ఉన్న ఫుల్‌టైమ్ స్టూడెంట్‌కు ఆ 1,000 డాలర్ల రిఫండ్ భాగం అప్పుడు కూడా రాదు. ఈ సర్వీసులు ఎర వేసేది సరిగ్గా దానితోనే.

హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా) నుంచి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా)కి మారిన పిల్లలైతే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ట్యాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్ అయిపోతే డిపెండెంట్‌గా చూపించడం కుదరదు.

మీరు ఇలాంటి చోట ఇప్పటికే ఫైల్ చేయించి ఉంటే రిటర్న్ పూర్తి కాపీ తెప్పించుకోండి. చివర సంతకాల కింద ప్రిపేరర్ (రిటర్న్ తయారుచేసిన మనిషి) పేరు, పీటిన్ నంబర్ (ప్రిపేరర్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) ఉన్నాయా చూడండి. మాది ఖాళీగా ఉంది, మా అమ్మాయి తనే వేసుకున్నట్టు! డబ్బు తీసుకుని రిటర్న్ తయారుచేసేవాళ్లు సంతకం పెట్టి తీరాలని చట్టం. రిఫండ్‌లో శాతం ఫీజుగా అడిగితే అక్కడే అనుమానించాలి.

ఇప్పుడు అమ్మాయి తరఫున 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్) వేసి ఆ డబ్బు వడ్డీతో తిరిగి కడుతున్నాం. అది అయ్యాకే మా రిటర్న్ వేస్తాం. సవరించిన రిటర్న్‌లు చూడటానికి ఐఆర్‌ఎస్‌కు (అమెరికా ట్యాక్స్ శాఖ) మామూలుగా 8 నుంచి 12 వారాలు, ఒక్కోసారి 16 వారాలు పడుతుంది. ఆ ప్రిపేరర్ మీద ఫారం 14157తో ఫిర్యాదు పంపాం. మీకూ ఇలా జరిగితే మీరూ పంపండి. మీ రిటర్న్‌లో క్రెడిట్ రాలేదని తర్వాత తెలిసినా, ఫైల్ చేసిన నాటి నుంచి 3 ఏళ్ల వరకు సవరించి అడగొచ్చు.