వరుసగా చదవడమా, కథగా చెప్పడమా? ఇంట్లో బైబిలు వాక్యానికి ఏది మేలు?

స్త్రీల కూడిక అయ్యాక, చెప్పులు వేసుకునే చోట, ఈ మధ్య నన్ను ఆపి అందరూ అడిగేది ఒకటే. "కుటుంబ ప్రార్థనకి పిల్లలు కుదురుగా కూర్చోవట్లేదు వదినా, మీ ఇంట్లో ఏం చేస్తున్నారు?" సండే స్కూల్లో చెబుతాను కాబట్టి నా దగ్గర ఏదో మందు ఉంటుందని వాళ్ల ఆశ. నిజానికి మా ఇంట్లోనూ మొన్నటిదాకా అదే గోల. అమ్మాయి పదో తరగతి, చిన్నోడు మూడు. రాత్రి ఎనిమిదిన్నరకి చాప పరవగానే ఒకరికి హోంవర్కు, ఇంకొకరికి కడుపునొప్పి.

మా పద్ధతి అందరికీ తెలిసిందే. ఒక పాట, ఒక అధ్యాయం, ప్రార్థన. ఆదికాండం నుంచి మొదలుపెట్టి వరుసగా, తలా ఒక వచనం. మా మామయ్యగారి కాలం నుంచి అలాగే నడిచింది. దీన్ని తీసిపారేయలేను. మనకి నచ్చిన భాగాలే తిప్పితిప్పి చదివే అలవాటు పడదు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి తెలుగు అక్షరం కళ్ల ముందు ఆడేది కూడా ఆ పావుగంటే. మొత్తం 1,189 అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున మూడేళ్ల మూడు నెలల్లో బైబిలు పూర్తవుతుంది. మా అత్తయ్య ఎన్నిసార్లు పూర్తిచేశారో లెక్కే లేదు.

కానీ ఇంకో లెక్క ఉంది. ఆదికాండం 50, నిర్గమకాండం 40, కలిపితే 90. జనవరి 1న మొదలుపెట్టిన ఇంట్లో, లీపు సంవత్సరం కాకపోతే, సరిగ్గా ఏప్రిల్ 1న లేవీయకాండం తెరుస్తారు. అంటే పిల్లల పరీక్షల రోజుల్లో దహనబలులు, నైవేద్యాలు. 13వ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి 59 వచనాలు, చాలావరకు చర్మం మీద మచ్చల గురించే. ఏటా మా బండి ఆగేది అక్కడే. మళ్లీ జనవరిలో ఆదికాండం. మా అమ్మాయికి నోవహు ఓడ కొలతలు నోటికి వచ్చు కానీ, న్యాయాధిపతుల కాలం ఎప్పుడో ఈ మధ్యదాకా తెలియదు.

అసలు ఇబ్బంది లేవీయకాండం కూడా కాదనిపించింది నాకు. ఒకరోజు అమ్మాయి వేలు గమనించాను. చదివేది నలుగురం, తను మూడోది. మా ఆయన మొదటి వచనం మొదలుపెట్టేసరికే దాని వేలు మూడో వచనం మీద ఉంది. మూడోది అయ్యాక ఏడు, తర్వాత పదకొండు. మధ్యలో మేం చదివింది ఒక్కటీ వినలేదు, తన వంతులో కఠినమైన పేర్లు ఏమైనా తగులుతాయేమోనని చూసుకుంటోంది. చిన్నోడిది ఇంకోరకం టెన్షన్. "పరుండజేయుచున్నాడు" అనే మాటని కూడబలుక్కుని చదివేసరికి వాడికి చెమటలు. అది వాక్యం వినడం కాదు, తెలుగు రీడింగ్ పరీక్ష.

ఇంతలో ఎవరైనా ప్రశ్న అడిగితే? "ముందు చదవనివ్వమ్మా, ఇంకా పది వచనాలున్నాయి" అనేదాన్ని నేనే. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదే. పిల్లవాడి ప్రశ్న అడ్డం అనిపించే పద్ధతా, ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసే పద్ధతా? మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

కథగా చెప్పడం మొదలుపెట్టింది యోనా గ్రంథంతో. నాలుగే అధ్యాయాలు, నాలుగు రాత్రులు. మొదటి మూడూ మామూలే, యోనాని చేప మింగిన సంగతి పిల్లలకి ఎప్పుడో తెలుసు. నాలుగో రాత్రి మేం సండే స్కూల్లో సాధారణంగా చెప్పని భాగం. నీనెవె పట్టణాన్ని దేవుడు క్షమించాడని యోనాకి కోపం వస్తుంది, ఊరి బయట అలిగి కూర్చుంటాడు. దేవుడు ఒక సొరచెట్టు మొలిపించి నీడ ఇస్తాడు, మర్నాడు పురుగు దాన్ని తొలిచేస్తుంది. చిన్నోడు ఆపాడు. "సొర చెట్టు కాదుగా, పాదు. నాన్నమ్మ పందిరి మీద ఉన్నదేగా?" అంతే, శుక్లాల ఆపరేషన్ అయ్యాక చదవడం మానేసి ఓ మూల వింటూ ఉండే మా అత్తయ్య అందుకున్నారు. పురుగు మొదట్లోనే తొలిస్తే పాదు సాయంత్రానికల్లా ఎలా వాడిపోతుందో, ఆ ఎండలో యోనాకి తల ఎలా మాడిపోయి ఉంటుందో. ఐదు నిమిషాలు సొరపాదు మీదే. నేను ఆపలేదు.

తర్వాత పుస్తకం తెరిచి చివరి రెండు వచనాలు మాత్రం చదివాను. లక్షా ఇరవై వేలమందికి పైగా మనుషులూ బోలెడు పశువులూ ఉన్న ఊరి మీద నేను జాలిపడొద్దా అని దేవుడు అడుగుతాడు. గ్రంథం ఆ ప్రశ్నతోనే ఆగిపోతుంది. చిన్నోడు పేజీ తిప్పి చూశాడు, అక్కడ మీకా గ్రంథం మొదలైంది. "మరి యోనా ఏమన్నాడు?" రాయలేదురా అన్నాను. అప్పటిదాకా ఫోను ఒళ్లో బోర్లా పెట్టుకుని కూర్చున్న అమ్మాయి అంది, "ఏమీ అని ఉండడు. కోపం తగ్గకపోతే ఏం మాట్లాడతాం?" తన క్లాసులో ఎవరితోనో రెండు వారాలుగా మాటల్లేవని నాకు తెలిసింది ఆ రాత్రే.

అలాగని కథ పద్ధతిలో లోపం లేదని కాదు, పెద్దదే ఉంది. చెప్పేవాళ్లం కత్తిరిస్తాం. న్యాయాధిపతి యెఫ్తా గురించి నేను ఎప్పుడూ యుద్ధం గెలిచాడని చెప్పి ముగించేదాన్ని. మొన్న అమ్మాయి న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయం సొంతంగా చదువుకుని వచ్చింది. గెలిస్తే నన్ను ఎదుర్కోవడానికి నా ఇంటి గుమ్మంలోంచి వచ్చేదాన్ని బలి ఇస్తానని ఆయన మొక్కుకోవడం, ఒక్కగానొక్క కూతురు తంబురలతో నాట్యమాడుతూ ఎదురు రావడం. "ఇన్నేళ్లూ ఆ అమ్మాయి సంగతి నాకెందుకు చెప్పలేదు మమ్మీ?" నీళ్లు నమిలాను. చిన్నపిల్లలకి కత్తిరించడం తప్పదు, కానీ పదమూడు పద్నాలుగేళ్లు దాటిన పిల్లల దగ్గర కత్తిరించామో, మన మాట మీద నమ్మకం పోతుంది. అందుకే ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. కథ నేను చెప్పినా, అందులో ఎనిమిది పది వచనాలు పుస్తకంలోంచే చదవాలి, అవి ఏవో అమ్మాయి ఎంచుతుంది. నేను దాటేసినవి అది పట్టుకుంటుంది, అది వేరే సంగతి.

కంఠత వాక్యాల సంగతీ అడుగుతుంటారు. మంచిదే. చూపు మసకబారిన రోజుల్లో మా అత్తయ్యకి తోడున్నది చిన్నప్పుడు కంఠతా పట్టిన 121వ కీర్తన. అయితే బహుమతి కోసం పట్టించే పద్ధతి మీద నాకు అనుమానం. చెప్పమనగానే సగం క్లాసు "యేసు కన్నీళ్లు విడిచెను" అని కూర్చుంటుంది, పొట్టిది కదా. మావాడు 23వ కీర్తన మొత్తం ఒప్పజెప్పి వీబీఎస్‌లో, అంటే సెలవుల బైబిలు బడిలో, వాటర్ బాటిల్ గెలిచాడు. ఇంటికొచ్చాక అడిగాడు, "నాకు లేమి కలుగదు అంటే దేవుడు మనకి ఇవ్వడా?" వాడి లెక్కలో లేమి అంటే ఏదో మంచి వస్తువు, అది మనకి దొరకదు. మొదట అర్థం చెప్పి, తర్వాత కంఠత పెట్టిస్తే సరి. అర్థం చెప్పడానికి వాడుక భాషలో ఉన్న అనువాదం పక్కన ఉంచుకుంటే మనకీ సుఖం. కంఠతకి మాత్రం పాతదే బాగుంటుంది, ఆ లయ వేరు.

తేదీని బట్టి సామెతల గ్రంథం చదవడం ఇంకో దారి. 31 అధ్యాయాలు, నెలకి సరిగ్గా సరిపోతాయి. మా ఆయనకి ఇది ఇష్టం, ఆఫీసుకి వెళ్లేముందు చదువుకుంటారు. పిల్లలకైతే వరుసగా నలభై నీతులు విన్నట్టే ఉంటుంది. క్విజ్‌లు పండగలకి బాగుంటాయి. మెతూషెల 969 ఏళ్లు బతికాడని తెలిస్తే పిల్లలకి సరదా, అంతకు మించి ఏమీ లేదు. యాప్‌లు, బొమ్మల వీడియోలు కారు ప్రయాణంలో సరే.

కాబట్టి నన్ను అడిగితే, ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలుంటే అనుమానమే వద్దు, కథ. టీనేజీ వాళ్లు మాత్రమే ఉంటే వరుసగా చదవడం కూడా నడుస్తుంది. కాకపోతే ఆదికాండం నుంచి కాదు, మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారే అధ్యాయాలు, కథ ఎక్కడా ఆగదు. మాలాగా రెండు వయసులూ ఉంటే చిన్న గ్రంథాలు పట్టుకోండి, రూతు నాలుగు, యోనా నాలుగు, ఎస్తేరు పది. ఎస్తేరులో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదని పెద్దపిల్లలకి ముందే చెప్పి వెతకమనండి, గ్రంథం మొత్తం వాళ్లే చదివేస్తారు. నిద్రపోయేవాళ్లుంటే అపొస్తలుల కార్యములు 20లో ఐతుకు కథ చెప్పండి. పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగితే కిటికీలో కూర్చుని కునికి, మూడో అంతస్తు నుంచి కింద పడ్డ కుర్రాడు. మా ఇంట్లో ఇప్పుడు మా ఆయన ప్రార్థన మరీ పొడుగైతే చిన్నోడు మెల్లగా "ఐతుకు" అంటాడు. పావుగంట దాటకుండా ఉండడానికి ఇంతకంటే మంచి గడియారం దొరకలేదు.

మేం ప్రస్తుతం మార్కులో 12 దాకా వచ్చాం. వచ్చే వారం 14. యేసును పట్టుకున్న రాత్రి, ఒంటి మీదున్న నారబట్ట వాళ్ల చేతుల్లో వదిలేసి దిగంబరుడై పారిపోయిన పడుచువాడు ఒకడు అక్కడున్నాడు. పేరు లేదు, ముందూ వెనకా లేదు, రెండు వచనాల్లో వచ్చి వెళ్లిపోతాడు. చిన్నోడు ముందు పడీపడీ నవ్వుతాడు, తర్వాత వాడెవడని అడుగుతాడు. నాకు తెలియదు. అత్తయ్యని అడిగాను, ఆవిడకీ తెలియదట.