పెన్ను పీహెచ్ మీటర్: కొనొచ్చు, 9.18 పొట్లంతో సహా

మిర్చికో పత్తికో మందు కలిపే ముందు బోరు నీళ్ల పీహెచ్ (పులుపో క్షారమో చెప్పే అంకె; 7కి కింద పులుపు, పైన క్షారం) చూసుకోవడానికి ఈ పసుపురంగు పెన్ను మీటర్ చాలు. లోటల్లా ఒకటే. మీటర్‌ని సరిచేసే బఫర్ (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) పొడి చాలా డబ్బాల్లో 4.01, 6.86 పొట్లాలే వస్తాయి. వరంగల్ చుట్టుపక్కల బోరు నీళ్లు ఎక్కువగా 7కి పైనే ఉంటాయి కాబట్టి 9.18 బఫర్ పొట్లం విడిగా తెచ్చుకోండి. పొట్లం మీద రాసినంత డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, మీటర్‌ని ముందు 6.86లో, కడిగాక 9.18లో సరిచేయాలి. 9.18 ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని దిగిపోతుంది. వాడినది మళ్లీ సీసాలో పోయొద్దు.

ఇంత పట్టింపు ఎందుకంటే ఇవి కూడికల అంకెలు కావు. పీహెచ్ ఒకటి పెరిగితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పదో వంతుకు పడిపోతుంది, హైడ్రాక్సైడ్ పదింతలవుతుంది. 6.5 నుంచి 8.5కి నూరింతలు. 0.3 తేడా అంటేనే రెట్టింపు. మీటర్ 0.1 తప్పు చూపినా గాఢతలో దాదాపు 26 శాతం తేడా వస్తుంది. మలాథియాన్ లాంటి మందుల్ని డ్రమ్ములోనే పాడుచేసేది ఈ హైడ్రాక్సైడే. అందుకే క్షారపు నీళ్లలో కలిపిన మందు నిల్వ ఉంచొద్దు.

నీళ్ల పీహెచ్ దించడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఎంత వేయాలో మాత్రం మీటర్ అంకె ఒక్కటే చెప్పదు. బైకార్బనేట్ (పీహెచ్ దిగకుండా అడ్డుకునే లవణం) ఉన్న నీళ్లు 8.5 నుంచి 7.5కి కొంచెంతోనే దిగుతాయి. అక్కణ్నుంచి 6.5కి దించాలంటే దానికి ఎన్నో రెట్లు పడుతుంది. 10 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి మొత్తం 100 మి.లీ. చేయండి. లీటరు బోరు నీళ్లలో సిరంజితో కొద్దికొద్దిగా వేస్తూ, బాగా కలిపి, అంకె నిలిచాక చూడండి. 2 మి.లీ. పడితే 200 లీటర్ల డ్రమ్ముకు 40 గ్రాములన్నమాట. కాపర్ మందులకు మాత్రం నిమ్మ ఉప్పు వేయొద్దు, పుల్లటి నీళ్లలో రాగి ఎక్కువ కరిగి ఆకు మాడుతుంది.

మీటర్ చివరనున్న గాజు బుడ్డి ఎండితే అంకె ఊగుతూనే ఉంటుంది. టోపీలో 3 మోలార్ (గాఢత కొలత) పొటాషియం క్లోరైడ్ ద్రావణం రెండు మూడు చుక్కలు ఉండాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ పెడితే బుడ్డి పాడవుతుంది.

చలక అయినా నల్లరేగడి అయినా నేలలో నేరుగా గుచ్చొద్దు, గాజు గీసుకుపోతుంది. 20 గ్రాముల మట్టికి 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి, అరగంట పాటు మధ్యమధ్య కలిపి, అందులో ముంచి చూడాలి.