శాన్ మినియాతో కొండ నుంచి గెలీలియో మ్యూజియంకి: ఏ దారిన దిగితే మేలు?

ఫ్లోరెన్స్ వెళ్లేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. వీళ్లలో ఎక్కువమంది యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ, వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలను రప్పించుకుని ఇటలీ చూపించాలనుకునేవాళ్లు. "పొద్దున్నే కొండ మీది శాన్ మినియాతో చర్చి చూసుకుని, అక్కణ్నుంచి నడుస్తూ దిగి మ్యూజియంకి వెళ్దామనుకుంటున్నాం. ఏ దారిన దిగమంటారు?" అని. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే కంటే అన్ని దారులనూ ఒకేచోట పెట్టి చెప్పడం నయం.

మ్యూజియం అనగానే చాలామంది మనసులో ఉండేది చిత్రకళకు పేరుపడ్డ ఊఫిజి. పాత శాస్త్ర పరికరాలుండే గెలీలియో మ్యూజియం దాని వెనకాలే, ఆర్నో నది ఒడ్డునే ఉంటుంది. దూరం లెక్కకైతే రెండూ ఒకటే. కానీ నడిచే దారిని ఎంచుకోవాల్సింది దూరం చూసి కాదు, ఏ మ్యూజియంకి వెళ్తున్నామో చూసి అని నేను నమ్ముతాను.

అందరూ దిగే దారితో మొదలుపెడతాను. చర్చి మెట్లు దిగి రోడ్డు దాటితే అయిదారు నిమిషాల్లో పియజ్జాలె మైకేలాంజెలో వస్తుంది. ఫ్లోరెన్స్ ఫొటో అంటే మనం ఎప్పుడూ చూసేది ఇక్కణ్నుంచి తీసిందే: ఎర్రటి గుమ్మటం, పాత వంతెన, మెలికలు తిరిగే నది. ఫ్లోరెన్స్ ఇటలీకి రాజధానిగా ఉన్నది 1865 నుంచి 1871 వరకు. ఆ రోజుల్లో జుసెప్పె పోజ్జి అనే ఆర్కిటెక్ట్ కొండ చుట్టూ విశాలమైన రోడ్లు వేసి, 1869లో ఈ మైదానాన్ని తయారు చేశాడు. మధ్యలో నిలబడి ఉన్నది మైకేలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహానికి కంచు నకలు. అక్కణ్నుంచి రాంపె అనే వంపు బాటలు నది వైపు దిగుతాయి. వాటి పక్కన పోజ్జి కట్టించిన రాతి గుహలు, నీటి ధారలు చాలా ఏళ్లు ఎండిపోయి ఉండేవి. 2019లో బాగుచేశాక మళ్లీ నీళ్లు పారుతున్నాయి. కింద పోర్తా శాన్ నికోలో అనే పధ్నాలుగో శతాబ్దపు కోట ద్వారం. ఊళ్లోని మిగతా ద్వారాల ఎత్తు తగ్గించేసినా దీన్ని మాత్రం అలాగే ఉంచారు. అక్కణ్నుంచి నది వెంట నడిచి పోంతె అల్లె గ్రాజియె వంతెన దాటితే మ్యూజియం. ఇరవై, పాతిక నిమిషాల నడక. వాలు మరీ ఎక్కువ కాదు, దారి తప్పే ప్రసక్తే లేదు.

ఈ దారికి ఇంకో బలం ఉంది. వంతెన దాటాక కుడి చేతి వైపు కొంచెం లోపలికి వెళ్తే సాంతా క్రోచె చర్చి. గెలీలియో సమాధి అందులోనే ఉంది. టికెట్ కొనుక్కుని ఆ సమాధి చూసి మ్యూజియంకి వెళ్లేవాళ్లకు ఇంతకన్నా అనువైన దారి లేదు.

మరి లోటేమిటి? పియజ్జాలె దగ్గరకు రాగానే జనం, టూరిస్ట్ బస్సులు, సామాన్లమ్మే బళ్లు. శాన్ మినియాతోలో కూడగట్టుకున్న నిశ్శబ్దం పది నిమిషాల్లో కరిగిపోతుంది. ఊఫిజికి వెళ్లేవాళ్లకు అది పెద్ద నష్టం కాదు, అక్కడా జనమే కదా.

రెండో దారి దగ్గరి దారి. చర్చి కింద నుంచి సైప్రస్ చెట్ల వరసల మధ్య మెట్లు నేరుగా పోర్తా శాన్ మినియాతో అనే చిన్న ద్వారం వైపు దిగుతాయి. మెట్ల పక్కన శిలువలు పాతి ఉంటాయి. పూర్వం భక్తులు కొండెక్కిన బాట ఇదే. దారిలోనే గులాబీల తోట ఉంది, లోపలికి డబ్బు కట్టనక్కర్లేదు. తొందరలో ఉంటే ఇలా దిగండి. మెట్లు చాలా ఉంటాయి గనక మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం చెప్పను.

మూడోది, నేను ఎంచుకునేది, అన్నిటికన్నా పొడుగు దారి. చర్చి ముందున్న రోడ్డు పేరే గెలీలియో రోడ్డు. దాని మీద పియజ్జాలె వైపు కాకుండా ఎదురు దిక్కుకు, చెట్ల నీడలో ఓ కిలోమీటరు నడిస్తే వియా ది శాన్ లియొనార్దో అనే సన్నటి వీధి అడ్డం వస్తుంది. కుడి వైపు తిరగాలి. రెండు వైపులా ఎత్తైన గోడలు, గోడల మీంచి తొంగిచూసే ఆలివ్ కొమ్మలు. ఇది పోర్తా శాన్ జోర్జో ద్వారం దాకా వెళ్తుంది. ద్వారానికి ఆనుకుని ఫోర్తె బెల్వెదెరె కోట. ద్వారం దాటగానే కోస్తా శాన్ జోర్జో వీధి నిటారుగా పోంతె వెక్కియో, అంటే ఆ పాత వంతెన వైపు దిగిపోతుంది. మొత్తం ముప్పావు గంట పట్టొచ్చు, పిల్లలతో అయితే గంట.

ఇంత చుట్టు ఎందుకంటే, ఈ నడక చర్చికీ మ్యూజియంకీ మధ్య ఒక కథను కలుపుతుంది. శాన్ మినియాతో లోపల, నడిచే నేల మీదే, తెల్లటి నల్లటి పాలరాతితో పొదిగిన రాశిచక్రం ఉంది. 1207 నాటిది. మేషం నుంచి మీనం దాకా పన్నెండు రాశులూ చక్రంలో ఉంటాయి. వేసవిలో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజుల్లో మధ్యాహ్నం కిటికీలోంచి వచ్చే ఎండ సరిగ్గా కర్కాటక రాశి మీద పడుతుంది. మన ఇళ్లలో పంచాంగం చూసే పెద్దలకు ఆ చక్రం ముందు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. ఎండ్రకాయ బొమ్మను చూడగానే వాళ్లే గుర్తుపడతారు. ఆకాశాన్ని గుడి నేల మీదికి దించుకున్న కాలం అది.

అక్కణ్నుంచి బయటపడి వియా ది శాన్ లియొనార్దో మొదట్లో నిలబడితే, మీ వెనక ఉన్న కొండలు ఆర్చెత్రివి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు చర్చి పెద్దలు జరిపిన విచారణ 1633లో ముగిశాక, ఆ ఏడాది చివరి నుంచి 1642 జనవరిలో చనిపోయే దాకా గెలీలియో గృహనిర్బంధంలో గడిపింది అక్కడే. ఆర్చెత్రి నుంచి ఊళ్లోకి దిగే పాత బాట మీరు నడుస్తున్న ఈ వీధే. 1638లో, అప్పటికే చూపు పోయిన ముసలాయనకు వైద్యం కోసం ఊళ్లోని తన ఇంటికి వెళ్లడానికి అనుమతి దొరికింది. అదీ షరతులతోనే: ఊళ్లో తిరగకూడదు, భూమి కదలిక గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆ ఇల్లు కోస్తా శాన్ జోర్జోలో ఉంది. నంబరు 19. వీధి దిగుతుంటే తలుపు పైన గోడ మీద ఆయన చిత్తరువు కనిపిస్తుంది. లోపలికి వెళ్లడానికి ఉండదు, టికెట్ కౌంటరూ లేదు. పక్క ఇళ్ల లాంటి ఇల్లే. ఆగకుండా దిగిపోయేవాళ్లే ఎక్కువ. మీరు మాత్రం ఒక్క నిమిషం ఆగి అమ్మానాన్నలకు, పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

అక్కణ్నుంచి పదిహేను నిమిషాల్లో మ్యూజియంలో ఉంటారు. గెలీలియో చేసినవాటిలో మిగిలిన రెండు టెలిస్కోపులు ఇక్కడే ఉన్నాయి. వాటి దగ్గరే ఏనుగు దంతపు చట్రంలో ఓ పగిలిన గాజు కటకం. అడ్డంగా నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. 1610 జనవరిలో, ఆయన ఇంకా పాదువాలో ఉండగా, బృహస్పతి చుట్టూ తిరిగే చందమామలను చూసింది దాంతోనే. నేరుగా వచ్చి చూస్తే అది అద్దాల పెట్టెలో పెట్టిన పగిలిన గాజు ముక్క, ఫొటో తీసుకుని ముందుకెళ్తాం. రాశిచక్రం చూసి, గుడ్డివాడైన మనిషి దిగివచ్చిన వీధి దిగి, ఆయన గుమ్మం ముందు నిలబడి వచ్చినవాళ్లు ఆ గాజు ముందు నుంచి అంత తేలిగ్గా కదలరు. నాకు ఇదే అసలు లెక్క. మిగతా దారులకు ఎన్ని సుగుణాలున్నా ఇది ఇవ్వలేవు.

ఈ దారి ఇబ్బందులూ చెప్పాలి. వియా ది శాన్ లియొనార్దోలో ఫుట్‌పాత్ సరిగా ఉండదు, కార్లు పక్కనుంచే వెళ్తాయి. పిల్లల చెయ్యి వదలొద్దు. కోస్తా శాన్ జోర్జో రాతి పలకల వీధి, వాలు బాగా ఎక్కువ. వాన పడితే జారుతుంది. గట్టిగా పట్టు ఉండే చెప్పులో బూట్లో వేసుకోవాలి. నాన్నగారికి మోకాళ్లు సహకరించకపోతే పంతం పట్టకుండా రాంపె దారిన తీసుకెళ్లండి. నదికి ఆవల ఒడ్డున పరుచుకున్న ఫ్లోరెన్స్ దృశ్యం కూడా ఈ వీధిలో దొరకదు, గోడలే కనిపిస్తాయి. దానికి పియజ్జాలెకి వెనక్కి వెళ్లాల్సిన పని లేదు. చర్చి ముంగిట్లో నిలబడితే అదే దృశ్యం ఇంకా ఎత్తు నుంచి, జనం లేకుండా కనిపిస్తుంది.

మధ్యస్థంగా ఇంకో బాట ఉంది: మెట్లు దిగి పోర్తా శాన్ మినియాతో దగ్గర ఎడమకు తిరిగి, పాత కోటగోడ వెంట పోర్తా శాన్ జోర్జో దాకా ఎక్కడం. గోడ చాలా అందంగా ఉంటుంది. కానీ దిగిన ఎత్తంతా మళ్లీ ఎక్కాలి, ఆర్చెత్రి వీధి తప్పిపోతుంది. ఇక బస్సు కూడా ఉంది, ఎండ మండిపోతుంటే పట్టుకోండి.

రోజు ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. సోమవారం ఊఫిజి ఉండదు, గెలీలియో మ్యూజియం ఉంటుంది, కాబట్టి ఈ నడకకు సోమవారం బాగా కుదురుతుంది. మంగళవారం మాత్రం గెలీలియో మ్యూజియం మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేస్తారు. శాన్ మినియాతో తలుపులు మధ్యాహ్నం కాసేపు వేస్తారు గనక పొద్దున్నే చర్చితో మొదలుపెట్టి, పదకొండు లోపు కొండ దిగడం మొదలుపెట్టండి. జూన్, జూలైల్లో అయితే ఇంకా ముందే.