ఇంట్లో మరకలకు వాడిన క్లీనర్లు: తొమ్మిదేళ్ల తర్వాత నా సమీక్ష

మా ఇల్లు హైదరాబాదులో, బోరు నీళ్లే దిక్కయిన కాలనీలో ఉంది. మామయ్యగారు కట్టించారు. హాల్లో తెల్ల మార్బుల్, వరండాలో తాండూరు బండలు, వంటగదిలో నల్ల గ్రానైట్ గట్టు, సింకు కింద కడప బండ అరలు, బాత్రూముల్లో సిరామిక్ టైల్స్. కాపురానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఒకే ఇంట్లో ఇన్ని రకాల నేలలు తుడిచాక నాకు గట్టిగా అర్థమైంది ఒకటే: సీసా మూత తీసే ముందు మరక ఏ రాయి మీద పడిందో చూసుకోవాలి.

ఇది నాకు తెలిసొచ్చింది మొదటి సంక్రాంతికే. పండక్కి అన్నీ కడుగుతూ, కడప బండ అర మీద జిడ్డు మరకలు పోవడం లేదని బాత్రూములో వాడే ఆసిడ్ కాస్త పోశాను. బుస్సుమని నురగ వచ్చింది. మురికి వదులుతోందని సంబరపడి ఇంకాస్త పోశాను. కడిగి చూస్తే నల్లగా మెరిసే బండ మీద బూడిద రంగు మచ్చలు. చెయ్యి పెడితే గరుకుగా తగిలాయి. అత్తయ్య వచ్చి వేలితో రాసి చూసి, "అయ్యో, రాయిని తినేసిందమ్మా!" అన్నారు. నిజమే. కడప బండ, తాండూరు బండ, మార్బుల్ మూడూ సున్నపురాయి జాతివి. ఆసిడ్ తగిలితే మరకతో పాటు రాయి కూడా కరిగిపోతుంది. నిమ్మరసం, వెనిగర్, చింతపండు చేసేదీ అదే పని, కాకపోతే నెమ్మదిగా. కొబ్బరి నూనె రాస్తే నాలుగు రోజులు మచ్చలు కనపడవు, మళ్లీ తేలతాయి. చివరికి పాలిష్ పట్టేవాళ్లను పిలిచాం. అప్పటి నుంచి ఆ మూడు రాళ్లకూ గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్, మెత్తటి గుడ్డ, అంతే. గ్రానైట్‌కి ఆసిడ్ భయం తక్కువ. అయినా రోజూ వంటయ్యాక వేడి నీళ్ల గుడ్డతో తుడిస్తే దానికి ఇంకేమీ అక్కర్లేదు.

బోరు నీళ్ల తెల్ల చారల దగ్గర మాత్రం పులుపే పనిచేస్తుంది. కుళాయిలకు, షవర్‌కు, బకెట్లకు పట్టే ఆ తెల్ల పొర నీళ్లలోని సున్నమే. ఎన్నో స్ప్రేలు కొన్నాను, వాటన్నిటికంటే కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పే (సిట్రిక్ ఆసిడ్) నాకు నచ్చింది. గ్లాసు వేడి నీళ్లలో ఒక చెంచా కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచుతాను. పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పొరలు పొరలుగా ఊడొస్తుంది. రాత్రంతా మాత్రం ఉంచకండి. నేను ఒకసారి మర్చిపోతే కుళాయి మీది మెరుపు పూత మసకబారింది. షవర్ తల విప్పి ఆ నీళ్లలోనే నానబెడితే మూసుకుపోయిన రంధ్రాలు తెరుచుకుంటాయి.

టాయిలెట్ క్లీనర్ కమోడ్‌కి బాగుంటుంది. దానితో బాత్రూము నేల కూడా వారం వారం కడిగాను. మూడేళ్లు టైల్స్ తళతళలాడాయి. తర్వాత చూస్తే టైల్స్ మధ్య గీతల్లో సిమెంటు గుల్లయిపోయి, కింది గది సీలింగ్‌కి చెమ్మ దిగింది. మేస్త్రీ వచ్చి అతుకులన్నీ గీకి, ఎపాక్సీ అనే గట్టి జిగురుతో మళ్లీ నింపాడు. ఆ ఖర్చుతో ఎన్ని సబ్బు పొడి ప్యాకెట్లు వచ్చేవో! ఇప్పుడు నేలకు సబ్బు పొడి, గట్టి బ్రష్ మాత్రమే.

పసుపు మరక పడితే చాలామందికి టెన్షన్. సబ్బో, వంట సోడానో వేయగానే ఎర్రబడుతుంది కాబట్టి మరక ముదిరిందని అనుకుంటారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే ఇదీ, కంగారు పడక్కర్లేదు. జిడ్డంతా సబ్బుతో వదిలించి ఎండ తగలనివ్వడమే నేను చేసేది. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. తెల్ల ప్లాస్టిక్ డబ్బాల మీది మరకలు మా డాబా మీద రెండు మూడు రోజుల ఎండకే పోయాయి.

పొయ్యి వెనక టైల్స్ మీద పేరుకునే నూనె బంకకు బట్టల సోడా కలిపిన వేడి నీళ్లను మించింది నేను చూడలేదు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, చర్మం మండుతుంది. అల్యూమినియం వస్తువులను మాత్రం అందులో వేయకండి. మా చిమ్నీ జల్లెడ అలాగే నల్లబడింది.

వీడియోల్లో చూపించే వంట సోడా, వెనిగర్ మిశ్రమం ఏడాది పాటు వాడాను. పొంగు చూడ్డానికి బాగుంటుంది కానీ ఒకదాని గుణాన్ని ఇంకొకటి చంపేస్తుంది, మిగిలేది ఉప్పు నీళ్ల లాంటిదే. విడివిడిగా వాడితే రెండూ మంచివే.

బ్లీచింగ్ పౌడర్ గురించి దయచేసి శ్రద్ధగా చదవండి. వానాకాలంలో పెరట్లో సిమెంటు గచ్చు మీది నాచుకు అది చాలా బాగా పనిచేస్తుంది. ఒకరోజు పనమ్మాయి బాత్రూములో బ్లీచింగ్ చల్లి, సరిగ్గా కడగకుండానే పైన ఆసిడ్ పోసింది. నిమిషంలో ఊపిరాడనంత ఘాటు, కళ్లు మంటలు, ఆగని దగ్గు. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ గ్యాస్. వెంటనే బయటికి తీసుకొచ్చి, గాలి తగిలేలా కూర్చోబెట్టి, డాక్టరుకు చూపించాం. ఆ అమ్మాయి సాయంత్రం దాకా దగ్గుతూనే ఉంది. నాకు ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది. ఆ రోజు నుంచి రెండిటినీ వేర్వేరు గదుల్లో పెడుతున్నాను.

ఇక నాకు లొంగనిది తుప్పు. గ్యాస్ బండ కింద పడే గుండ్రటి ఎర్ర గీత టైల్ మీదైతే ఉప్పు, నిమ్మ చెక్కతో రుద్దితే పోతుంది. కానీ ఒకసారి నిండు బండను హాల్లో మార్బుల్ మీద వారం రోజులు ఉంచేశాం. నిమ్మ వాడలేను, సబ్బుకు పోలేదు. ఇప్పుడు బండ చక్రాల స్టాండు మీదే ఉంటుంది. హాల్లో ఆ గీత మీద చిన్న చాప వేశాను.