దుప్పటి ముడతలో తెలిసిన పనితనం

నవంబరులో నా భార్య విశాఖపట్నం మర్రిపాలెంలోని మా ఇంట్లో, స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి కృత్రిమ కీలు అమర్చి ఎనిమిదో రోజున ఇంటికి పంపారు. కొడుకూ కోడలూ పుణెలో ఉన్నారు. ఇంటికి వచ్చి రోగిని చూసుకునే మనుషులను పంపే చిన్న సంస్థ ఒకటి సీతమ్మధారలో ఉందంటే వెళ్లి, పగటిపూట పన్నెండు గంటలకు నెలకు 24,000 రూపాయలని మాట్లాడుకున్నాను. మర్నాడు ఉదయం ఏడింటికి తలుపు తీస్తే ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు యాభై దాటిన ఆవిడ, ఆమె వెనుక పందొమ్మిదేళ్ల అమ్మాయి.

"ఈ అమ్మాయి అప్రెంటిస్ అండి. తనకు మీరేమీ ఇవ్వక్కర్లేదు. అమ్మగారు ఒప్పుకుంటేనే లోపలికి వస్తుంది" అన్నారు పెద్దావిడ. మా ఆవిడ సరేనంది.

అప్రెంటిస్ అన్న మాట నాకు చాలా దగ్గరిది. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు ముగించి 1983లో హిందుస్థాన్ షిప్‌యార్డులో అప్రెంటిస్‌గా చేరాను. ఇనుప దిమ్మను వైసులో బిగించి ఆకురాయితో చదును చేయాలి. మా మేస్త్రి దానిపై ట్రైస్క్వేర్ (చదును, మూల సరిచూసే ఉక్కు మూలమట్టం) ఆనించి వెలుతురుకెదురుగా ఎత్తి చూసేవారు. సందులోంచి సన్నని వెలుగు గీత కనిపించిందా, పని మళ్లీ మొదటి నుంచి. ఆ వెలుగు గీతకు భయపడి నేర్చుకున్న పనే నాకు ముప్పై ఎనిమిదేళ్లు అన్నం పెట్టింది. అప్రెంటిస్ అంటే షిప్‌యార్డు, డాక్‌యార్డు, స్టీల్ ప్లాంటు, రైల్వే అని మాత్రమే మా తరం అనుకుంది. రోగి మంచం దగ్గర కూడా అప్రెంటిస్ ఉంటారని నాకు తెలియదు.

ఇక్కడ అప్రెంటిస్ నేర్చుకునేదేముంటుందన్న అనుమానం, పెద్దావిడ నేర్పే తీరు చూశాక పోయింది. అమ్మాయి దుప్పటి పరిచాక ఆవిడ అరచేతిని మా ఆవిడ వీపు కిందకు పోనిచ్చి చివరిదాకా నిమురుతూ వెళ్లేవారు. ఎక్కడైనా ముడత తగిలితే దుప్పటి తీసి మళ్లీ పరవాల్సిందే. కదలలేని మనిషికి ఆ ముడతే ఒరుసుకుని పుండు అవుతుందట. మా మేస్త్రి ట్రైస్క్వేర్‌తో చూసిన దాన్ని ఈవిడ అరచేత్తో చూస్తున్నారు.

వాకర్ పట్టించడమూ అంతే. ముందు వాకర్, తరువాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తరువాత మంచి కాలు. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. తుంటి తొంభై డిగ్రీలకు మించి వంగకూడదు కాబట్టి ఇంట్లో ఉన్న పీటలన్నీ అటకెక్కాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడు కాళ్ల మధ్య దిండు. మొదటి పది రోజులు అమ్మాయి చూడడం, అందించడమే. పదకొండో రోజున పెద్దావిడ మా ఆవిడ నడుముకు కట్టిన పట్టీని అమ్మాయి చేతికిచ్చి, తాను ఒక అడుగు వెనుక చేతులు చాచి నిలబడ్డారు. ఎప్పుడు చేయి వదలాలో, ఎంత దూరంలో నిలబడాలో తెలిసినవారే గురువు.

అమ్మాయిది చోడవరం దగ్గర పల్లె. ఇంటర్ చదివింది. స్టయిపెండు 8,000 రూపాయలు, నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 2014లో సవరించి ఐచ్ఛిక ట్రేడులకు, అంటే సంస్థలు తామే ఎంచుకుని శిక్షణ ఇచ్చే పనులకు, దారి తెరిచారు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టయిపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై ఉండాలి. నేను అడిగి ఆ కాగితం చూశాను. మీ ఇంటికి అప్రెంటిస్ వస్తే మీరూ అడగండి. ఆ కాగితం లేకపోతే అది శిక్షణ పేరుతో చేయించుకుంటున్న వెట్టిచాకిరీ కావచ్చు.

ఇక నాకు కోపం వచ్చిన రోజు గురించి. కనుమ నాడు పెద్దావిడ సెలవు. సంస్థవారు అమ్మాయిని ఒక్కదాన్నే పంపారు. గుమ్మంలోనే దాని ముఖం పాలిపోయి ఉంది. "బాబాయిగారూ, అమ్మగారిని నేనొక్కదాన్నే లేపలేనండి" అని నిజం చెప్పింది. సంస్థకు ఫోను చేస్తే, రెండు నెలలు నేర్చుకుంది, ఏమీ కాదన్నారు. ఏమీ కాదని వారెలా చెప్పగలరు? ఆ అమ్మాయి చేయి జారితే విరిగేది నా భార్య కాలు, చెడ్డపేరు ఆ పిల్లకు. షిప్‌యార్డులో మొదటి ఏడాది కుర్రవాణ్ని ఓడ ట్యాంకులోకి ఒంటరిగా దించేవారు కాదు. అదే మాట గట్టిగా చెప్పాను. అనుభవం ఉన్న మరొకావిడ పదకొండింటికి వచ్చారు. అప్పటిదాకా మా ఆవిడ మంచం దిగలేదు. ఆ నాలుగు గంటలకు సంస్థ నుంచి క్షమాపణ రాలేదు. తరువాత మాత్రం అమ్మాయిని ఒంటరిగా పంపలేదు.

మరో లోపం, ఇంటివారి అభిప్రాయం తీసుకునే పద్ధతి లేదు. అమ్మాయి నేర్చుకున్నవాటిని రాసే పుస్తకంలో పెద్దావిడ సంతకం ఉంటుంది, రోగి మాటకు చోటు లేదు. ఏ చేయి నొప్పి పుట్టించిందో, ఏది పుట్టించలేదో అందరికంటే ముందు తెలిసేది రోగికే కదా. ఆ పుస్తకంలో ఒక గడి మాకు కేటాయించమని ఉత్తరం రాసిచ్చాను.

సమయపాలన, శుభ్రత బాగున్నాయి. రాత్రి ఏడు దాటితే ఆఫీసు ఫోను ఎత్తరు, అది గుర్తుంచుకోండి. మనిషి కావాలంటే మూడు రోజుల ముందు చెప్పాలి. నా లెక్కలో ఈ సంస్థకు ఐదుకు నాలుగు మార్కులు, తగ్గిన ఒకటీ కనుమ నాటిది.

ఈ నెలాఖరుతో మా గడువు పూర్తవుతుంది. మా ఆవిడ ఇప్పుడు చేతికర్రతో వీధి గేటు దాకా వెళ్లి వస్తోంది. ఆ ఇద్దరూ ఒకటో తేదీ నుంచి పెందుర్తిలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన ఇంటికి వెళతారట. నిన్న దుప్పటి మార్చాక, పెద్దావిడ రాకముందే అమ్మాయి తన అరచేతిని వీపు కిందకు పోనిచ్చి, ఒకచోట ఆగి, దుప్పటి మళ్లీ తీసింది.